హార్స్‌పవర్ అంకెకి ఎంజీబీని బలిపెట్టొద్దు

పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీబీ కొన్న ప్రతివాడికీ మొదటి వారంలోనే అందే సలహా ఒకటుంది. "బండి అందంగా ఉంది, ఇంజనే చచ్చుది. ఆ రెండు ఎస్‌యూ కార్బురేటర్లు పీకేసి పెద్ద వెబర్ ఒకటి పెట్టు. రేసు క్యామ్ వేయించు. ఎక్సాస్టు మార్చు. 95 హార్స్‌పవర్ కాస్తా 130 అవుతుంది." బ్రిటన్‌లోనైనా, ఈ కార్లు ఎక్కువగా అమ్ముడుపోయిన అమెరికాలోనైనా, పాత స్పోర్ట్స్ కార్ల మీద మోజున్నవాళ్లు ఒకరి దగ్గర విని మరొకరికి చెప్పే మాట ఇది. ఇన్నేళ్లుగా చెబుతున్నారు కాబట్టి ఎవరూ ఎదురు ప్రశ్న వేయడం లేదు. ఈ సలహా మొదలంటా తప్పు. దీన్ని నమ్మి మంచి ఇంజన్లని పాడుచేసుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు.

ముందు వాళ్ల వాదన వాళ్ల వైపు నుంచే చెబుతాను. 1962లో ఎంజీబీ వచ్చినప్పుడు 1798 సీసీ ఇంజన్, 95 హార్స్‌పవర్, గంటకి 160 కిలోమీటర్లు దాటే వేగం అంటే గొప్పే. ఇవాళ అది గొప్ప కాదు. ఆగి ఉన్న బండి గంటకి 96 కిలోమీటర్లు అందుకోవడానికి సుమారు 12 సెకన్లు పడుతుంది. మామూలు చిన్న కార్లు కూడా దాన్ని దాటిపోతాయి. పైగా ఆ ఇంజన్ స్పోర్ట్స్ కారు కోసం పుట్టింది కాదు. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ తన కుటుంబ కార్ల కోసం 1950ల మొదట్లో దించిన బి-సిరీస్ ఇంజన్‌కే బోరు పెంచి ఇందులో పెట్టారు. ఇంజన్ అంటే గాలి పీల్చే యంత్రం. గాలి ఎక్కువ పోనిచ్చే కార్బురేటర్, వాల్వుల్ని ఎక్కువసేపు తెరిచి ఉంచే క్యామ్, పొగని అడ్డు లేకుండా పంపే ఎక్సాస్టు పెడితే బలం పెరగాలి కదా అంటారు. రేసుల్లో ఫ్యాక్టరీవాళ్లే వెబర్ వాడారని కూడా చూపిస్తారు.

ఇందులో ఒక్కో వాక్యం విడిగా చూస్తే నిజమే. అన్నీ కలిపి వాళ్లు తేల్చిందే అబద్ధం.

విప్పే ముందు ఒక మాట. ఈ ఇంజన్ మనకి పరాయిది కాదు. హైదరాబాద్, విజయవాడ రోడ్ల మీద దశాబ్దాల పాటు తిరిగిన పెట్రోలు అంబాసిడర్‌లో ఉన్నది ఇదే బి-సిరీస్ కుటుంబానికి చెందిన 1489 సీసీ ఇంజన్. బోరు ఎంజీబీది పెద్దది, స్ట్రోకు మాత్రం రెండింటికీ ఒకటే, 88.9 మిల్లీమీటర్లు. మనుషులతో, సామానుతో కిక్కిరిసిన అంబాసిడర్‌ని గేరు దించకుండా మెల్లగా లాక్కుపోయిన డ్రైవర్లని చూసినవాళ్లకి ఈ ఇంజన్ స్వభావం నేను చెప్పక్కర్లేదు. కింది వేగం నుంచి ఓపికగా లాగడం దాని జన్మగుణం. వెబర్, రేసు క్యామ్ సలహా ఆ గుణాన్నే చంపుతుంది.

1. ఆ 130 ఏ రోడ్డు మీద దొరుకుతుంది?

హార్స్‌పవర్ అంటే టార్క్‌ని ఇంజన్ తిరిగే వేగంతో గుణిస్తే వచ్చే లెక్క. ఎంజీబీ ఇంజన్ గరిష్ఠ టార్క్ 149 న్యూటన్ మీటర్లు, అది 3000 ఆర్‌పీఎం దగ్గర వస్తుంది. అక్కడ హార్స్‌పవర్ 63 మాత్రమే. 95 హార్స్‌పవర్ వచ్చేది 5400 దగ్గర, అప్పటికి టార్క్ 125కి పడిపోయి ఉంటుంది. అంటే కారు అతి బలంగా లాగే చోటు ఒకటి, అంకె అతి పెద్దగా కనిపించే చోటు మరొకటి.

ఇప్పుడు గేర్ల లెక్క చూడండి. ఓవర్‌డ్రైవ్ లేని టాప్ గేర్లో ఈ కారు ప్రతి వెయ్యి ఆర్‌పీఎంకి గంటకి సుమారు 29 కిలోమీటర్లు పోతుంది. బ్రిటన్ మోటార్‌వే మీద చట్టం అనుమతించే గరిష్ఠ వేగం 112 కిలోమీటర్లు. ఆ వేగంలో ఇంజన్ తిరిగేది 3900 ఆర్‌పీఎం దగ్గర. పల్లె దారుల్లో, ఊళ్లలో 2000 నుంచి 3500 మధ్యే. కారు జీవితమంతా దాదాపు అక్కడే గడుస్తుంది.

రేసు క్యామ్ వేసిన ఇంజన్ తన 130 హార్స్‌పవర్‌ని 6500 ఆర్‌పీఎం దగ్గర ఇస్తుందనుకుందాం. టాప్ గేర్లో అది గంటకి 187 కిలోమీటర్ల వేగం. సరే, మూడో గేరుకి దింపండి, అక్కడ కూడా 136 కిలోమీటర్ల దాకా వస్తే గానీ ఆ అంకె చేతికి రాదు. రెండూ చట్టాన్ని దాటిన వేగాలే. మరి ఈ 130 ఎవరికోసం? ఇంజన్ బలం కొలిచే డైనో మీద తీసిన కాగితంలో ఉంటుంది, మాటల్లో ఉంటుంది. ఆదివారం పొద్దున కారు తీసి కొండ ఎక్కుతున్నప్పుడు, లారీని దాటాలనుకున్నప్పుడు కాలికింద ఉండదు.

వాళ్లు మరో సంగతి కూడా దాచేస్తారు. వాల్వుల్ని ఎక్కువసేపు తెరిచి ఉంచే క్యామ్ పైన ఇచ్చేదాన్ని కింద నుంచి తీసుకుంటుంది. ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ఇన్లెట్ వాల్వ్ ఆలస్యంగా మూసుకుంటే సిలిండర్లోకి వచ్చిన గాలిలో కొంత, పైకి వచ్చే పిస్టన్ తోపుకి వెనక్కి పోతుంది. నిండని సిలిండర్ లాగలేదు. అలా పోయేది సరిగ్గా 2000, 3000 మధ్య టార్కే, అంటే మనం రోజూ వాడుకునే పికప్.

2. ఈ ఇంజన్ హెడ్ సంగతి వాళ్లు చెప్పరు

వాదనలో అసలు డొల్ల ఇక్కడుంది. "ఇంజన్ గాలి పీల్చే యంత్రం" అన్నవాళ్లు ఆ గాలి ఏ దారిన పోతుందో చూడాలి కదా. బి-సిరీస్ హెడ్‌లో నాలుగు సిలిండర్లకి నాలుగు ఇన్లెట్ దారులు లేవు. రెండే ఉన్నాయి. ఒకటి, రెండు సిలిండర్లకి ఒక దారి. మూడు, నాలుగుకి ఒక దారి. ఎక్సాస్టు వైపు కూడా మధ్యలోని రెండు సిలిండర్లు ఒకే దారిన పొగ వదులుతాయి.

ఫైరింగ్ వరుస 1-3-4-2. ఒకే దారి పంచుకునే మూడు, నాలుగు సిలిండర్లు ఒకదాని వెంట ఒకటి గాలి పీలుస్తాయి, మధ్యలో తేడా క్రాంక్ 180 డిగ్రీలు తిరిగేంత సేపే. ఆ తర్వాత చాలాసేపు ఆ దారిలో కదలిక ఉండదు. రెండు, ఒకటి జంటకీ ఇంతే. ఫ్యాక్టరీ క్యామ్ ఇన్లెట్ వాల్వ్‌ని 252 డిగ్రీల సేపు తెరిచి ఉంచుతుంది. 252లోంచి 180 తీసేస్తే 72 డిగ్రీల సేపు జంటలోని రెండు వాల్వులూ తెరిచే ఉంటాయి. ఒకే పంపు కింద రెండు బిందెలు పెట్టినట్టు, ఒకదానికి అందాల్సింది మరొకటి లాక్కుంటుంది. 290 డిగ్రీల రేసు క్యామ్ వేస్తే ఆ 72 కాస్తా 110 అవుతుంది. సిలిండర్ల మధ్య పంపకం ఇంకా చెడుతుంది. ఒకదానికి పెట్రోలు ఎక్కువ, మరొకదానికి తక్కువ. ఐడ్లింగ్‌లో బండి ఊగిపోవడం, నెమ్మదిగా పోతుంటే కుదుపులు, ప్లగ్గుల్లో కొన్ని నల్లగా, కొన్ని తెల్లగా రావడం దీనివల్లే. నాలుగు ప్లగ్గులు విప్పి వరసగా బల్ల మీద పెట్టి చూస్తే ఈ అన్యాయమంతా కళ్లకి కనిపిస్తుంది.

నాలుగు సిలిండర్లకి నాలుగు విడి దారులున్న ఇంజన్లలో పెద్ద క్యామ్ చేసే మేలుని చూసి, ఆ లెక్కే ఇక్కడికీ వర్తిస్తుందనుకోవడం తప్పు.

3. వెబర్ గొప్పదే, ఈ పనికి కాదు

45 డీసీఓఈ వెబర్‌ని తక్కువ చేసి మాట్లాడను. రేసు కార్ల చరిత్రలో దానికి గొప్ప స్థానముంది. కానీ దాని గొంతు కొలత స్థిరం. ఇంజన్ గట్టిగా పీల్చినప్పుడే ఆ గొంతులో గాలి వేగం అందుకుంటుంది, పెట్రోలు సన్నటి తుంపరగా విడిపోతుంది. నెమ్మదిగా పీల్చినప్పుడు గాలి మందగిస్తుంది, పెట్రోలు బొట్లుగానే మిగిలి మానిఫోల్డ్ గోడకి అంటుకుంటుంది.

ఎస్‌యూ పనిచేసే తీరు వేరు. అందులో ఒక పిస్టన్ ఉంటుంది. ఇంజన్ ఎంత పీలిస్తే అది అంత పైకి లేచి దారిని వెడల్పు చేస్తుంది. దాని అడుగున కోసుగా చెక్కిన సూది ఉంటుంది. పిస్టన్ లేచేకొద్దీ సూది జెట్‌లోంచి పైకి జరిగి, పెరిగిన గాలికి తగ్గట్టు పెట్రోలు వదులుతుంది. కాబట్టి గాలి వేగం కిందా పైనా దాదాపు ఒకేలా ఉంటుంది. ఎంజీబీలో ఒక్కో జంట దారికి ఒక్కో ఒకటిన్నర అంగుళాల ఎస్‌యూ ఉంది. ఈ హెడ్‌కి ఇంత నప్పే ఏర్పాటు రోడ్డు కారుకి మరొకటి లేదు. సూది మార్చితే చాలు, కొత్త అవసరానికి సరిపోతుంది. వెబర్‌కి చోకు, మెయిన్ జెట్, ఎయిర్ జెట్, ఎమల్షన్ ట్యూబు, ఐడిల్ జెట్, పంపు జెట్ అన్నీ ఒకదానికొకటి కుదరాలి. అవి కుదిర్చే ఓపిక, పరికరాలు లేకుండా డబ్బాలోంచి తీసి బిగించినవే రోడ్ల మీద ఎక్కువ. అలాంటి కార్లే పెట్రోలు వాసన కొడుతూ, చలిలో స్టార్టు కాక యజమాని ప్రాణం తీస్తాయి.

ఎక్సాస్టు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఎంజీబీతో వచ్చిన పోత ఇనుము మానిఫోల్డ్ మంచి డిజైను. దాన్ని మార్చితే ముందుగా పెరిగేది చప్పుడు.

4. "రేసుల్లో ఫ్యాక్టరీవాళ్లే పెట్టారు కదా"

పెట్టారు. 1963, 1964, 1965 మూడేళ్లూ ల మాన్ 24 గంటల రేసులో ఎంజీబీ పరుగెత్తి పూర్తి చేసింది. 1965లో ప్యాడీ హాప్‌కిర్క్, ఆండ్రూ హెడ్జెస్ నడిపిన కారు పదకొండో స్థానంలో వచ్చింది. 1966లో న్యూర్‌బర్గ్‌రింగ్‌లో 84 గంటల మారథాన్ ద ల రూట్‌ని హెడ్జెస్, జూలియన్ వెర్నేవ్ జోడీ ఎంజీబీతోనే గెలిచింది. ఈ ఇంజన్ చచ్చుదనేవాళ్లు ముందు ఈ రికార్డుకి జవాబు చెప్పాలి.

రేసు ఇంజన్‌కి వెబర్ పెట్టారు కాబట్టి రోడ్డు ఇంజన్‌కీ పెట్టాలనడంలో తర్కం లేదు. ల మాన్‌లో డ్రైవర్ కిలోమీటర్ల కొద్దీ కాలు తీయకుండా తొక్కే పెడతాడు. ఇంజన్ పైవేగాల్లోనే బతుకుతుంది. రేసు అయ్యాక విప్పి, కొలిచి, అరిగినవి మార్చే మెకానిక్కులు ఆబింగ్‌డన్ ఫ్యాక్టరీలో ఉన్నారు. హెడ్, పిస్టన్లు, క్రాంక్ అన్నీ ఆ పనికి తయారుచేసినవే, కార్బురేటర్ అందులో ఆఖరి భాగం. సలహాదారులు ఆ ఆఖరి భాగాన్ని మాత్రం తెచ్చి మొదట పెడుతున్నారు.

ఈ ఇంజన్ నడుము గురించి కూడా మాట్లాడాలి. 88.9 మిల్లీమీటర్లంటే పొడుగు స్ట్రోకు. క్రాంక్, కనెక్టింగ్ రాడ్ల మీద పడే లాగుడు వేగం వర్గంతో పెరుగుతుంది. 5400 నుంచి 6500కి పోతే అది 45 శాతం ఎక్కువ. 7000కి పోతే 68 శాతం. 1964 అక్టోబరుకి ముందు ఇంజన్లలో క్రాంక్‌ని పట్టుకునేవి మూడు మెయిన్ బేరింగులే, ఆ తర్వాతే ఐదయ్యాయి. కారు ఏ ఏడాదిదో కూడా అడగకుండా రేసు క్యామ్ వేయించమనేవాడికి ఈ లెక్క తెలియదు. తెలిసీ చెబుతుంటే అది ఇంకా పెద్ద తప్పు.

5. "చచ్చు ఇంజన్" అన్న పేరు ఎలా వచ్చింది?

రెండు చోట్ల నుంచి వచ్చింది. మొదటిది అమెరికా. అక్కడి కాలుష్య నిబంధనల కోసం 1975 మోడల్ నుంచి రెండు ఎస్‌యూలు తీసేసి ఒకే ఒక జెనిత్-స్ట్రామ్‌బర్గ్ కార్బురేటర్ పెట్టారు. శక్తి 62 హార్స్‌పవర్ దగ్గరికి పడిపోయింది. అదే సమయంలో బరువైన రబ్బరు బంపర్లు వచ్చాయి, కారు ఎత్తు కూడా పెంచారు. ఆ కార్లు నడిపినవాళ్లు ఇంజన్ని తిట్టారంటే అర్థముంది. దానికి మందు 1962 నాటి ఏర్పాటుని తిరిగి తేవడం. పెద్ద వెబర్ దానికి మందు కాదు.

రెండోది అరుగుదల. దీన్ని ఎవరూ పట్టించుకోరు. 1980 అక్టోబరులో ఆఖరి ఎంజీబీ ఆబింగ్‌డన్ నుంచి బయటికి వచ్చింది. అంటే వీటిలో అతి చిన్నదానికీ నాలుగు దశాబ్దాలు దాటాయి. అందులో నిజంగా 95 హార్స్‌పవర్ మిగిలి ఉందో లేదో చూడకుండానే ఇంజన్ చాలదంటున్నారు. వాల్వ్ కవర్ తీసి, ఒక్కో వాల్వ్ మీద డయల్ గేజ్ పెట్టి, ఇంజన్ని చేత్తో తిప్పి చూడండి. వాల్వ్ దాదాపు తొమ్మిది మిల్లీమీటర్లు దిగాలి. ఎనిమిది వాల్వుల్లో ఏ ఒకటో రెండో ఏడు దగ్గరే ఆగిపోతే ఆ క్యామ్ లోబులు అరిగినట్టే. పక్కన ట్యాపెట్ మూత విప్పి ఒక ట్యాపెట్ బయటికి తీస్తే అడుగున గుంటలు కనిపిస్తాయి. డిస్ట్రిబ్యూటర్ లోపలి చిన్న స్ప్రింగులు సాగిపోయి స్పార్క్ టైమింగ్ ఇష్టం వచ్చినట్టు ముందుకి పోతుంటుంది. వాక్యూమ్ డబ్బాలోని రబ్బరు చిరిగిపోయి ఉంటుంది. థ్రాటిల్ స్పిండిల్ అరిగి కార్బురేటర్ పక్కల నుంచి దొంగగాలి పీలుస్తుంటుంది. ఇన్ని జబ్బులున్న ఇంజన్‌కి పెద్ద కార్బురేటర్ పెట్టడం వైద్యం కాదు.

వెబర్ వేశాక కారు మారిపోయిందని చెప్పేవాళ్లలో చాలామంది అదే సమయంలో ప్లగ్గులు, టైమింగ్, ట్యాపెట్ గ్యాపు అన్నీ సరిచేయించి ఉంటారు. కారు మారింది ఆ పనుల వల్ల, పేరు వచ్చింది వెబర్‌కి.

6. ఫ్యాక్టరీ చరిత్ర ఏం చెబుతోంది?

పెద్ద అంకె కోసం పోతే ఏమవుతుందో ఎంజీ సంస్థ తన కార్లతోనే చూసింది. 1958లో బి-సిరీస్ బ్లాకు మీద రెండు క్యామ్‌ల హెడ్ పెట్టి ఎంజీఏ ట్విన్ క్యామ్ తెచ్చారు. 1588 సీసీతో 108 హార్స్‌పవర్, అదీ 6700 ఆర్‌పీఎం దగ్గర, 9.9 కంప్రెషన్‌తో. కాగితం మీద అద్భుతం. కొన్నవాళ్ల చేతుల్లో పిస్టన్లు కాలిపోయాయి. 2,111 కార్లకే 1960లో ఆపేయాల్సి వచ్చింది.

1967లో ఎంజీసీ తెచ్చారు. 2912 సీసీ, ఆరు సిలిండర్లు, 145 హార్స్‌పవర్. ఆ ఇనుప ఇంజన్ బరువంతా ముందు చక్రాల మీద పడి, మలుపుల్లో కారు తిరగనని మొండికేస్తోందని పత్రికలు రాశాయి. సుమారు 9 వేల కార్లతో రెండేళ్లకే అది ముగిసింది.

1973లో వచ్చిన ఎంజీబీ జీటీ వీ8ని చూపించి, ఇది బాగానే ఉంది కదా అంటారు. బాగానే ఉంది. ఎందుకు బాగుందో చూడండి. రోవర్ 3528 సీసీ అల్యూమినియం ఇంజన్ అది, బరువు పాత నాలుగు సిలిండర్ల ఇనుప ఇంజన్‌కి దగ్గర్లోనే ఉంటుంది. శక్తి 137 హార్స్‌పవరే, ఎంజీసీ కన్నా తక్కువ. కానీ టార్క్ 262 న్యూటన్ మీటర్లు, అదీ 2900 ఆర్‌పీఎం దగ్గరే. ఆ కారులో హాయి అంతా అందులోనే ఉంది. దాని కోసం డిఫరెన్షియల్ నిష్పత్తిని 3.9 నుంచి 3.07కి మార్చారు, ముందు బ్రేకు డిస్కుల్ని మందంగా చేశారు. ఇంజన్ ఒక్కటే మార్చి వదిలేయలేదు. 108, 145, 137 అన్న మూడు అంకెల్లో బాగున్న కారు ఏదో, దానికి కారణం ఏమిటో చూశాక కూడా గరిష్ఠ హార్స్‌పవర్ వెంట పడేవాళ్లు చరిత్రని చదవలేదనే చెప్పాలి.

7. అలాగని ముట్టుకోవద్దనడం లేదు

ఇంకో మూల నుంచి ఇంకో గొంతు వస్తుంది, ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉంచాలి, బోల్టు కూడా మార్చకూడదని. వాళ్లతోనూ నాకు పొత్తు లేదు. సెసిల్ కింబర్ ఆక్స్‌ఫర్డ్‌లోని మారిస్ గ్యారేజెస్‌లో మామూలు మారిస్ కార్లని మెరుగుపరచబట్టే ఎంజీ పుట్టింది. ఆబింగ్‌డన్‌లోని స్పెషల్ ట్యూనింగ్ విభాగం మామూలు యజమానులకి కూడా ట్యూనింగ్ భాగాలు అమ్మింది. మెరుగు చేయడం ఈ కారు వంశంలోనే ఉంది. నా గొడవంతా వరుస గురించి.

ముందు ఉన్న 95ని వెనక్కి తెచ్చుకోవాలి. కంప్రెషన్ టెస్టు, క్యామ్ కొలత, డిస్ట్రిబ్యూటర్ రిపేరు, కార్బురేటర్ స్పిండిళ్లు. తర్వాత హెడ్ విప్పించాలి. ఈ ఇంజన్ గొంతు బిగుసుకున్న చోటు వాల్వ్ సీటు కింద, చాంబర్ గోడ వాల్వ్‌కి ఆనుకుని నిలబడ్డ పక్కన. అక్కడ చేయి తిరిగినవాడు కొద్దిగా మెటల్ తీసి, సీట్లని మూడు కోణాల్లో కోస్తే గాలి వేగం తగ్గకుండా పరిమాణం పెరుగుతుంది. హెడ్ విప్పినప్పుడే సీసం లేని పెట్రోలుని తట్టుకునే గట్టి ఎక్సాస్టు సీట్లు వేయించుకోవాలి. కంప్రెషన్‌ని 8.8 నుంచి 9.5 దాకా తీసుకెళ్లవచ్చు, దాని మేలు ఐడ్లింగ్ నుంచి పైదాకా ప్రతి ఆర్‌పీఎంలోనూ అందుతుంది. బోరు ఎలాగూ చేయించాల్సి వస్తే 60 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) పెద్ద పిస్టన్లతో 1798 సీసీ 1868 అవుతుంది. అది కూడా కింది నుంచే పనిచేసే బలం. ఇవన్నీ అయ్యాక, కావాలంటే ఫ్యాక్టరీ కొలతకి కొంచెమే మించిన క్యామ్. ఎస్‌యూలకి తగిన సూదులు. ఈ దారిలో 110 హార్స్‌పవర్ దాటడం అందుబాటులో ఉన్న పనే, ఆ దాటడం కోసం 3000 దగ్గర ఉన్నదేదీ పోగొట్టుకోనక్కర్లేదు.

ఈ పనుల్లో చాలావరకు కంటికి కనిపించవు. బానెట్ ఎత్తి చూసినవాళ్లకి అవే రెండు ఎస్‌యూలు కనిపిస్తాయి, ఎవరూ మెచ్చుకోరు. వెబర్ మెరుస్తుంది, అందుకే అమ్ముడుపోతుంది. ఎంజీబీ కొన్నవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. సలహా ఇచ్చినవాడిని, నా కారు ఏ ఏడాదిది, కంప్రెషన్ ఎంత వచ్చింది, క్యామ్ లోబులు కొలిచావా అని అడగండి. ఈ మూడింటికీ జవాబు చెప్పలేనివాడి మాట మీద మీ ఇంజన్ మీద స్పానర్ పెట్టనివ్వకండి.